టూల్ అండ్ డై డిప్లొమాకు పంపితే పదేళ్ల తర్వాత మా వాడు నన్ను తిట్టుకుంటాడా?

ఈ ప్రశ్న హిందూపురం నుంచి ఒక అమ్మ అడిగారు. వాళ్ల అబ్బాయికి పదో తరగతిలో 600కి 538 వచ్చాయట. బెంగళూరు వెళ్లి టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమా చేస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. వాళ్లాయన, తమ్ముడు మాత్రం ఎంపీసీలో వేసి, ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ బీటెక్ చేయించాలంటున్నారు. "ఇన్ని మార్కులొచ్చిన పిల్లాణ్ణి మెకానిక్ పనికి పంపుతావా అని చుట్టాలు అంటారు, అననీ. పదేళ్ల తర్వాత వాడే నన్ను తిట్టుకుంటాడేమోనని నా భయం" అని రాశారు.

అమ్మా, మాది మడకశిర దగ్గర పల్లె. నాన్నది సెనక్కాయల సేద్యం. పదో తరగతి అవగానే 1990లో ఇదే కోర్సులో చేరాను. ముప్పై అయిదేళ్లుగా ఇదే పని. ఇప్పుడు బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో ఒక చిన్న టూల్‌రూమ్, అంటే అచ్చులు చేసే వర్క్‌షాపు, నడుపుతున్నాను, నాతో కలిపి తొమ్మిది మందిమి. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

సూటిగా చెప్తాను: పంపండి. కానీ రెండు షరతులు. ఒకటి, కోర్సు అయ్యాక ఇంకో అయిదారేళ్ల వరకు వాడి జీతం మీద ఇంట్లో ఎవరూ ఆశ పెట్టుకోకూడదు. అక్క పెళ్లి అప్పు, ఇంటి ఈఎంఐ లాంటివి వాడి నెత్తిన పడే పరిస్థితి ఉంటే వద్దు. రెండు, చేరకముందు వాడు ఒక పూర్తి షిఫ్ట్ టూల్‌రూమ్‌లో నిలబడి చూడాలి.

ఇక తిట్టుకుంటాడా అంటే, తిట్టుకుంటాడు. పాసై బయటికొచ్చిన రెండో ఏడు నుంచి ఆరో ఏడు దాకా గట్టిగానే తిట్టుకుంటాడు. నేనూ మా నాన్నను తిట్టుకున్నాను. పదో ఏడు రాకముందే మానేశాను. మానకుండా ఇప్పటికీ తిడుతున్నవాడు ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడు, వాడి సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఈ పని ఏంటో మీ ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పండి. మెకానిక్ పని అనుకుంటున్నారు కదా, అది కాదు. మా పెళ్లయిన కొత్తలో మా మామగారి ఊళ్లో ఒక పెద్దాయన "అల్లుడేం చేస్తాడు?" అని అడిగితే, "డై చేస్తాను తాతా" అన్నాను. "జుట్టుకేసుకునేదా? అది నాకూ ఒక డబ్బా తెచ్చిపెట్టు" అన్నాడు. అప్పటినుంచి నేను ఇడ్లీ ప్లేటు లెక్కన చెప్తున్నాను. ఇడ్లీలు వేసేవాళ్లు వేరు, ఇడ్లీ ప్లేటు చేసేవాళ్లు వేరు. మేము రెండో రకం. మీ ఇంట్లో నీళ్ల సీసా మూత, స్విచ్ బోర్డు, మిక్సీ జారు మూత ఉన్నాయి కదా, అవి లక్షల్లో తయారవుతాయి. ఆ లక్షలకూ ముందు ఉక్కులో ఒక అచ్చు ఉంటుంది, అదే డై. ప్లాస్టిక్‌కైతే మౌల్డ్ అంటాం, రేకును కోసి వంచడానికైతే ప్రెస్ టూల్ అంటాం. అచ్చులో తప్పుంటే లక్ష మూతల్లోనూ అదే తప్పు ఉంటుంది.

ఇందులోనే ఈ వృత్తి మంచీ చెడూ రెండూ ఉన్నాయి. ఒకసారి చేసిన అచ్చును చాలావరకు మళ్లీ చేయం. వచ్చే ప్రతి పనీ కొత్తదే, ప్రతి పనిలోనూ కొత్త తలనొప్పే. అందుకే నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మనిషికి విలువ పెరగడానికి కారణమూ అదే. మెషీన్‌లో ముక్క పెట్టి బటన్ నొక్కే ఆపరేటర్‌కు ఆరు నెలల్లో పని వచ్చేస్తుంది. ఆరు నెలల్లో వచ్చిన పనిని ఇంకొకడికీ ఆరు నెలల్లో నేర్పొచ్చు కాబట్టి జీతం అక్కడే ఆగిపోతుంది. మీ వాడు చేరేది ఏ వైపో చూసుకోవాలి. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అవే మెషీన్లు, అదే నూనె వాసన.

మొదటి ఏడాది ఎలా ఉంటుందో చెప్తాను, చాలామంది అక్కడే పారిపోతారు.

మాకు చేరిన వారంలో గుప్పెడంత ఇనుప ముక్క ఇచ్చారు. బెంచ్ వైస్‌లో బిగించి ఆకురాయితో రాయాలి. ఆకురాయిని మేము ఫైల్ అంటాం. ఆరు ముఖాలూ చదునుగా రావాలి, ఒకదానికొకటి నిలువుగా మూలమట్టానికి సరిపోవాలి. మెషీన్ల వైపు పోనివ్వరు. చేతితో రాసేటప్పుడు ఫైల్ పడవలా ఊగుతుంది, ఊగితే అంచులు ఎక్కువ అరిగి మధ్యలో వీపులా లేస్తుంది. మా మాస్టారు మలయాళీ. ముక్కను తీసుకుని, మూలమట్టాన్ని దానికి ఆనించి, కిటికీ వైపు ఎత్తి ఒక కన్ను మూసుకుని చూసేవారు. సందులోంచి దారంలా వెలుతురు కనబడితే ఏమీ అనకుండా ముక్కను నా చేతిలో పెట్టేసేవారు. ఎక్కడ తప్పో కూడా చెప్పేవారు కాదు. నేను మళ్లీ రాయడం, ఆయన మళ్లీ కిటికీ వైపు ఎత్తడం. రాసీ రాసీ ముక్క ఉండాల్సిన కొలతకంటే చిన్నదైపోయింది. అప్పుడు ఇంకో ముక్క ఇచ్చారు. పదకొండు వారాలు పట్టింది నాకు. అరచేతులు బొబ్బలెక్కి, హాస్టల్‌లో సాంబారు అన్నం కలుపుకుంటే మంటపుట్టేది. ఒక రోజు ఆయన కిటికీ వైపు చూసి, ముక్కను నాకివ్వకుండా పక్కనున్న పెట్టెలో వేశారు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అది పాసయినట్టు.

కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్లు ఉన్న కాలంలో ఇదెందుకు అని పిల్లలు అడుగుతారు, న్యాయమే. మెషీన్ ఎంత బాగా కోసినా, అచ్చు రెండు భాగాలు మూసినప్పుడు ఎక్కడ తగులుతోందో, ఎక్కడ తగలడం లేదో చివరికి నీలం రంగు పూసి కంటితో చూసి, చేత్తో సరిచేసే పని మిగులుతుంది. ఆ నాలుగు మైక్రాన్లు చేతికి తెలియాలి. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు అటూ ఇటూగా ఉంటుంది, దాన్నిబట్టి ఊహించుకోండి.

ఈ చదువు మన దగ్గరికి వచ్చిన దారి కూడా దీనికి కారణం. స్విట్జర్లాండ్ వాళ్ల సాయంతో 1959లో కేరళలోని నెట్టూరులో మొదలైందే ఎన్‌టీటీఎఫ్ అనే శిక్షణ సంస్థ, ఇప్పుడు దాని కేంద్రం ఇక్కడ పీణ్యలో ఉంది. డెన్మార్క్ సాయంతో 1972లో బెంగళూరులో ప్రభుత్వ టూల్‌రూమ్ వచ్చింది, అదే జీటీటీసీ. హైదరాబాద్ బాలానగర్‌లో ఇలాంటిదే సీఐటీడీ అనే సంస్థ 1968 నాటిది, దానికి విజయవాడలో కూడా శాఖ ఉంది. బెంగళూరే అని కాకపోతే అదీ చూడండి, భాష ఇబ్బంది ఉండదు. ఇవన్నీ పదో తరగతి మీద చేరేవే. వీటిలో క్లాసులో కూర్చునే గంటలకంటే వర్క్‌షాపులో నిలబడే గంటలు ఎక్కువ. అది గమనించుకుని చేర్చండి. పేరులో టూల్ అన్న మాట ఉండి లోపల రెండు తుప్పుపట్టిన లేత్‌లు మాత్రమే ఉన్న కాలేజీలూ ఉన్నాయి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆఫీసు రూములో బ్రోషర్ చూసి రావద్దు, వర్క్‌షాపు చూపించమనండి. పిల్లల చేతులు నల్లగా ఉన్నాయో లేదో చూడండి.

చేరేముందు ఒకటి రాతపూర్వకంగా అడగండి: ఈ డిప్లొమాతో ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరడానికి కుదురుతుందా అని. అన్ని టూల్ డిప్లొమాలకూ ఒకే గుర్తింపు ఉండదు. నోటిమాటగా "అవుతుందమ్మా" అంటారు, తర్వాత సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ దారి తెరిచి ఉంటే మీవారికీ మీ తమ్ముడికీ కూడా కాస్త మనశ్శాంతి. బీటెక్ ఎక్కడికీ పోదు, కాస్త ఆలస్యంగా వస్తుందంతే. మా దగ్గర పనిచేసిన కల్యాణదుర్గం అబ్బాయి ఒకడు అలాగే వెళ్లాడు. ఇప్పుడు మౌల్డ్ డిజైనర్. వాడు గీసిన డ్రాయింగ్‌లో ఫిట్టర్‌ను ఏడిపించే మూలలు ఉండవు, ఎందుకంటే ఆ మూలల్లో వాడే ఒకప్పుడు వేళ్లు పెట్టి ఏడ్చాడు.

ఇక డబ్బు సంగతి. దీన్ని దాచిపెట్టి పిల్లల్ని చేర్చుకునేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

1994లో నా మొదటి జీతం 1,750 రూపాయలు. అయిదేళ్లకు 4,200 అయింది. 1999లో హిందూపురంలో ఒక పెళ్లికి వెళ్లాను. నాతోపాటు పదో తరగతి చదివినవాడు, లెక్కల్లో నా దగ్గర చూసి రాసినవాడు, అక్కడ కనిపించాడు. అప్పట్లో వైటూకే, అంటే కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీ చిక్కు సరిచేసే పని, గాలి వీస్తోంది కదా, వాడు ఏదో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి 14,000 తెచ్చుకుంటున్నాడు. అందరి ముందూ నా చేయి పట్టుకుని, "ఏందిరా ఈ నల్లగోళ్లు" అన్నాడు. ఎగతాళిగా కాదు, జాలిగా అన్నాడు. అదే ఎక్కువ తగిలింది. ఆ రాత్రి రైల్లో యశ్వంతపూర్ దాకా మా నాన్నను తిట్టుకుంటూనే వచ్చాను. మీ వాడికీ అలాంటి పెళ్లి ఒకటి వస్తుంది. అది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇప్పటి లెక్కలు అడుగుతారు కాబట్టి మా సందులో ఇస్తున్నవి చెప్తాను, అన్ని చోట్లా ఇవే అనుకోకండి. డిప్లొమా అయి కొత్తగా వచ్చినవాడికి నేనిచ్చేది 18 నుంచి 20 వేలు. బెంగళూరులో గది అద్దె, తిండి పోతే వాడి చేతిలో మిగిలేది పెద్దగా ఉండదు. అయిదేళ్లయి, డ్రాయింగ్ చేతికిస్తే ఒక చిన్న టూల్ మొత్తం తనే కూర్చగలిగినవాడికి 35 నుంచి 40. కొత్త అచ్చు ట్రయల్‌కు ఒంటరిగా పంపితే తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిచేసుకుని రాగలిగినవాడు మా దగ్గర ఒక్కడే ఉన్నాడు, వాడికి 70 ఇస్తున్నాను. పక్క సందువాళ్లు వాడి కోసం నెలకోసారి టీకి పిలుస్తుంటారు, అది నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో బాగా నిలదొక్కుకున్నవాడు దీనికి ఎన్నో రెట్లు తెచ్చుకుంటాడు, అందులో వాదన లేదు. కానీ బీటెక్ అయి రెండేళ్లు ఖాళీగా ఉండి, "ఏదైనా పర్వాలేదు సార్, 15 వేలైనా చాలు" అని మా గేటు దగ్గరకు వచ్చే పిల్లల్నీ చూస్తున్నాను. మీ తమ్ముడు మొదటి రకాన్ని చూసి చెప్తున్నాడు. ఇద్దరినీ చూడమనండి.

జీతం పెరుగుదల మెట్లు మెట్లుగా ఉంటుంది, ఏటా ఇంత అని రాదు. కొత్త పని చేతికి వచ్చినప్పుడే పెరుగుతుంది. అందుకే మొదటి రెండు ఉద్యోగాల్లో అయిదొందలు, వెయ్యి ఎక్కువకు మారొద్దని నేను అందరికీ చెప్తాను. ఎక్కడ రకరకాల పని వస్తుందో అక్కడ ఉండమంటాను. ఒకే రకం టూల్ పదేళ్లు చేసినవాడికి పదేళ్ల అనుభవం ఉన్నట్టు కాదు.

తప్పులు ఎంత ఖరీదో కూడా తెలియాలి. 1998లో నేను చేసింది చెప్తాను. ఎలక్ట్రికల్ సామానులో వాడే పల్చటి ఇత్తడి రేకు, పావు మిల్లీమీటరు మందం. దాన్ని కోసే టూల్‌లో 80 మిల్లీమీటర్ల పంచ్, అంటే రేకు మీదికి దిగి కోసే పై ముక్క, నా వంతు. డీ2 ఉక్కు, గట్టిపరిచి తెచ్చింది. సాయంత్రం ఏడైంది, ఇంటికెళ్లే తొందర. సర్ఫేస్ గ్రైండర్ మీద నీళ్లు పెట్టకుండా చివరి కోత వేసి, వేడి వేడిగా ఉన్నప్పుడే మైక్రోమీటర్ పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. సంతోషంగా చేతులు కడుక్కుని వెళ్లిపోయాను. తెల్లారి ఫోర్‌మన్ కొలిస్తే 12 మైక్రాన్లు తక్కువ. 100 మిల్లీమీటర్ల ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 11 మైక్రాన్లు సాగుతుంది. ప్రపంచమంతా కొలతలకు 20 డిగ్రీలు అని పెట్టుకున్నది అందుకే. ఇది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. పంచ్‌కూ డైకీ మధ్య ఒక్కో పక్కన 12 మైక్రాన్ల సందు ఉండాల్సిన చోట 18 అయింది, ఆ టూల్‌తో కోస్తే రేకు అంచున బర్ లేచి చేతికి గీసుకుంటోంది. పంచ్ మళ్లీ చేయాల్సి వచ్చింది. ఉక్కు, హీట్ ట్రీట్‌మెంట్, మూడు రోజుల పని. నా ఓవర్‌టైమ్ మొత్తం పోయింది.

ఆ ఫోర్‌మన్ హెచ్‌ఎంటీలో రిటైరై వచ్చిన తమిళాయన. తిట్టలేదు. "వేడిగా ఉండాల్సింది సాంబారు తంబీ, జాబ్ కాదు" అన్నాడు. జాబ్ అంటే మా భాషలో చేస్తున్న ముక్క. ఆ పాడైన పంచ్ ఇప్పటికీ నా టేబుల్ మీద బిల్లులు ఎగిరిపోకుండా పెట్టుకుంటాను.

హెచ్‌ఎంటీ పేరొచ్చింది కాబట్టి ఒక మాట. 1953లో మొదలైన కంపెనీ. జాలహళ్లిలో దానిదే ఒక ఊరు. మా చిన్నప్పుడు ఆ వాచీ పెట్టుకోవడమే గొప్ప, అందులో ఉద్యోగమంటే ఇక జీవితానికి చింత లేదనేవారు. 2016లో వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. అంత పెద్ద చెట్టే కూలింది. కానీ అక్కడ టూల్‌రూమ్‌లో చెయ్యి తిరిగినవాళ్లు పీణ్య నిండా ఉన్నారు, సొంత షాపులు పెట్టారు, మాలాంటివాళ్లకు నేర్పారు.

నాకూ అదే జరిగింది, చిన్న ఎత్తున. నేను పనిచేసిన ఒక కంపెనీ 2001లో ఒక సోమవారం గేటు తెరవలేదు. పేరెందుకు లెండి. మా జీతంలోంచి కోసిన పీఎఫ్ ఆరు నెలలుగా కట్టలేదని అప్పుడు తెలిసింది. మా పెద్దోడికి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ వారమంతా టెన్షన్‌తో అన్నం సహించలేదు. ఎనిమిదో రోజున మూడు సందుల అవతల పని దొరికింది, పాత జీతంకంటే మూడొందలు ఎక్కువకే. ఇంటర్వ్యూ ఏమీ లేదు, ఒక డై విప్పి మళ్లీ బిగించి చూపించమన్నారు, అంతే. నాన్నను తిట్టుకోవడం నేను మానేసింది ఆ వారమే అనుకుంటా. ఇది చెప్తున్నానని పీఎఫ్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మీ వాడు ఉద్యోగంలో చేరిన మొదటి నెలనుంచే పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లో చూసుకోవడం నేర్పండి. అయిదేళ్లు ఒకేచోట పూర్తయితే గ్రాట్యుటీ వస్తుందని, నాలుగున్నరేళ్లకు కోపం వచ్చి మానేయకూడదని కూడా.

తృప్తి ఉంటుందా అని మీరు నేరుగా అడగలేదు కానీ, ప్రశ్న అదే కదా. ఉంటుంది, కానీ రోజూ ఉండదు. నెలకో రెండు నెలలకో ఒక రాత్రి వస్తుంది. మౌల్డింగ్ షాపుల్లో పగలు ప్రొడక్షన్ ఆపరు, అందుకని కొత్త అచ్చు ట్రయల్ చాలావరకు రాత్రిపూటే. మెషీన్‌కు ఎక్కించి, వేడి చేసి, మొదటి షాట్ కొడతారు. అచ్చు తెరుచుకునేటప్పుడు అక్కడున్నవాళ్లెవరూ మాట్లాడరు. ముక్క సగమే నిండి వస్తుంది, లేదా అంటుకుని రానే రాదు, లేదా అంచున పల్చటి పొరలా ఫ్లాష్ వస్తుంది. సరిచేస్తూ పోతే తెల్లవారుజామున ఏ మూడింటికో ఒక ముక్క టక్కున ఊడి కింద ట్రేలో పడుతుంది, శుభ్రంగా. ఇంకా వెచ్చగా ఉంటుంది. దాన్ని చేతిలో తిప్పి చూసుకోవడం ఉంది చూశారా, దానికోసమే మిగతా రోజుల్ని భరిస్తాం. తర్వాత బయటికొచ్చి టీ తాగుతుంటే, ఆ టీ అమ్మే అతని డబ్బా మూత కూడా ఎవడో ఇలాగే చేసి ఉంటాడని అనిపిస్తుంది. చూసేవాళ్లకు మాత్రం అది మూతే. మీ అబ్బాయికి పదిమందిలో పేరు, మెప్పు కావాలంటే ఇది కాదు వాడి చోటు.

ఎవరు రాకూడదు: లెక్కలు తప్పించుకోవడానికి వచ్చేవాళ్లు అసలు రాకూడదు. ఇక్కడ త్రికోణమితి రోజూ కావాలి, పరీక్షకు కాదు, కోణం సరిగ్గా పెట్టుకునే సైన్ బార్ కింద ఎంత ఎత్తు పెట్టాలో తేల్చడానికి. మీ వాడికి 538 వచ్చాయంటే ఆ భయం లేదనుకుంటా. చర్మానికి ఎలర్జీ ఉంటే కటింగ్ ఆయిల్ పడదు, ముందే డాక్టరుకు చూపించండి. నడుం నొప్పి మాలో సగంమందికి ఉంది, నాకూ ఉంది. మొదటినుంచీ బరువులు హాయిస్ట్‌తోనే ఎత్తి ఉంటే రాకపోయేది, మగతనం చూపించడానికి చేతులతో ఎత్తేవాళ్లం.

ఆడపిల్లల సంగతి కూడా కొందరు అడిగారు. మా దగ్గర సీఎన్‌సీ ప్రోగ్రాములు రాసేది గౌరిబిదనూరు అమ్మాయే. పని విషయంలో తేడా ఏమీ లేదు. చిన్న షాపుల్లో బాత్రూమ్ నుంచి రాత్రి బండి దాకా ఏమున్నాయో మాత్రం అడిగి చూసుకోవాలి, చాలాచోట్ల ఉండవు.

రేపు కంప్యూటరే అన్నీ చేస్తుంది, ఈ పని ఉంటుందా అన్న అనుమానం ఉంది. ప్రోగ్రామ్ రాయడం ఇప్పటికే సగం సాఫ్ట్‌వేరే చేస్తోంది. ఇంజిన్ భాగాల అచ్చులు కరెంటు బండ్లు వచ్చాక తగ్గుతాయి కూడా. అటు బ్యాటరీ కనెక్టర్లు, ప్లాస్టిక్ కవర్ల పని పెరిగింది. హోసూరు, దేవనహళ్లి వైపు ఫోన్ల ఫ్యాక్టరీలు వచ్చాయి. మీ పక్కనే పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు మొదలయ్యాయి కదా. వాటన్నిటికీ అచ్చులు కావాలి, అరిగినవాటికి రిపేర్లు కావాలి. ఇరవై ఏళ్ల తర్వాత సంగతి మీ తమ్ముడికి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.

ఇప్పుడు మా ఇంట్లోవాడి సంగతి. మా పెద్దోణ్ణి నేనే ఈ కోర్సులో వేశాను. వాడు అడగలేదు. షాపు ఉంది, మెషీన్లు ఉన్నాయి, నా తర్వాత వాడే కదా అనుకున్నాను. మొదటి ఏడాది ఫైలింగ్ చేశాడు, బాగానే చేశాడు, చెయ్యి ఉంది వాడికి. రెండో ఏడాది మధ్యలో ఒక రోజు హాస్టల్ నుంచి పెట్టె పట్టుకుని వచ్చేశాడు. ఏడాదిన్నర మాకు మాటల్లేవు. ఇప్పుడు రాజాజీనగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మధ్యాహ్నం లేస్తాడు, రాత్రి మూడు దాకా స్క్రీన్ ముందు కూర్చుంటాడు, ఒక కట్ దగ్గర అరగంట ముందుకూ వెనక్కీ తిప్పుతుంటాడు. నాకు కనిపించని తేడా వాడికి కనిపిస్తుందట. మా మాస్టారు కిటికీ వైపు ఎత్తి చూసినట్టే ఉంటుంది, కాకపోతే వాడితో ఆ మాట అనలేను. రెండేళ్లు వృథా చేశావని ఇప్పటికీ అంటాడు. నిజమే అంటున్నాడు.

అందుకే అమ్మా, మీ ప్రశ్నలో నాకు నచ్చింది వాడే పట్టుబట్టాడన్న ముక్క. నేను మా వాణ్ణి అడగలేదు, మిమ్మల్ని మీ వాడే అడుగుతున్నాడు. అయితే పదిహేనేళ్ల పిల్లాడు ఏం చూసి పట్టుబట్టాడో కనుక్కోండి. యూట్యూబ్‌లో మెషీన్ ఉక్కును వెన్నలా కోసే వీడియోలు చూసి అయితే, అందులో నూనె వాసన రాదు, నిలబడి కాళ్లు లాగవు. ఇంట్లో ఏదైనా విప్పి మళ్లీ బిగిస్తాడా? బిగించాక ఒక స్క్రూ మిగిలిపోతే ఊరుకుంటాడా, మళ్లీ విప్పుతాడా? రెండోసారి విప్పే రకమైతే పర్వాలేదు.

నా రెండో షరతు కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, మా షాపుకే పంపండి. ఇక్కడే మెసేజ్ పెట్టండి, దారి చెప్తాను. హిందూపురంలో పొద్దున రైలెక్కితే యశ్వంతపూర్, అక్కడినుంచి మెట్రోలో పీణ్య. ఆదివారం వద్దు, సెలవు. తొమ్మిదికి వచ్చి ఆరు దాకా ఉండాలి, మధ్యాహ్నం భోజనం మాతోనే. ఫోన్ నా డ్రాయర్‌లో ఉంటుంది. వాళ్ల మామను కూడా తోడు పంపండి, ఆయనకు కుర్చీ వేస్తాను. మీ వాడికి మాత్రం ఒక ఇనుప ముక్క, ఒక ఫైల్ ఇస్తాను. చెప్పులతో లోపలికి రానివ్వను, షూ వేసుకుని రమ్మనండి.